‘మెషిన్ మీద చూసుకుందాం’ అనే పొరపాటు

ప్రూఫ్‌లో కనిపించిన రంగు అచ్చులో రాకపోతే ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న విజయవాడలో అడిగినా, శివకాశిలో అడిగినా, నేను పనిచేస్తున్న ఐర్లండ్ పడమటి తీరపు గాల్వేలో అడిగినా వచ్చే జవాబు ఒక్కటే: మెషిన్ మీద చూసుకుందాం. ఎరుపు ఎక్కువైందా, మెజెంటా కీలు కాస్త బిగించు. పాలిపోయిందా, సిరా పెంచు. మెషిన్‌మన్‌కి కన్నుంటే చాలు, రంగు అదే దారికొస్తుంది. రాకపోతే తప్పు మెషిన్‌ది, కాదంటే మెషిన్‌మన్‌ది. ఆఫ్‌సెట్ ముద్రణలో ఇంతగా వేళ్లూనుకున్న నమ్మకం మరొకటి లేదు. ఇంత కాగితాన్నీ, ఇంతమంది పనివాళ్ల పరువునీ బలి తీసుకున్న నమ్మకమూ మరొకటి లేదు. ఆ నమ్మకం తప్పని నిరూపించడానికే ఈ వ్యాసం.

ముందు అవతలివాళ్ల వాదాన్ని దాని పూర్తి బలంతో చెప్పుకుందాం. అందులో నాలుగు మాటలున్నాయి. ఒకటి, పాతతరం ఏ మీటర్లూ లేకుండా, కేవలం కంటిచూపుతో అద్భుతంగా అచ్చు వేసింది. చందమామ ముఖచిత్రాలే సాక్ష్యం. రెండు, ప్రూఫ్ మీద కస్టమర్ సంతకం పెట్టాడు, కనుక అచ్చు దానికి లొంగాల్సిందే. మూడు, అంతగా కావాలంటే కొలిచే పరికరం ఒకటి కొంటే సరిపోతుంది. నాలుగు, ఈ శాస్త్రమంతా పెద్ద ప్రెస్సులకు. రెండు రంగుల మెషిన్‌తో పెళ్లికార్డులు, కరపత్రాలు వేసుకునేవాడికి అంత తీరికా డబ్బూ ఎక్కడివి? ఈ నాలుగింటిలో ఏదీ తెలివితక్కువ మాట కాదు. కానీ నాలుగూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయి. రంగు సిరా కీలో ఉందన్నదే ఆ పొరపాటు.

సిరా కీ తిప్పితే ఏమవుతుంది? కాగితం మీద పడే సిరా పొర మందం మారుతుంది. అది మాత్రమే దాని పని. కానీ అచ్చులో రంగును నిర్ణయించేది పొర మందం ఒక్కటే కాదు. ఆఫ్‌సెట్‌లో లేత నీలం అంటూ వేరే సిరా లేదు. ముదురైనా లేతైనా అదే సిరా. చుక్క పెద్దదా చిన్నదా అన్నదే తేడా. ప్లేటు మీద ఉన్న చుక్క బ్లాంకెట్ మీదికి, అక్కడి నుంచి కాగితం మీదికి వచ్చేసరికి ఒత్తిడికి పరుచుకుని పెరుగుతుంది. దాన్నే మనవాళ్లు డాట్ గెయిన్ అంటారు. 2013లో సవరించిన ఐఎస్ఓ 12647-2 ప్రమాణం ప్రకారం ఆర్ట్ పేపర్ మీద 50 శాతం చుక్క 66 శాతంగా పడాలి. మ్యాప్‌లిథో లాంటి పూత లేని కాగితం మీద ఆ పెరుగుదల ఇంకా ఎక్కువ. 50 శాతం చుక్క 72 దాకా వెళ్లడం సహజం. ఈ పెరుగుదల ఒక రంగులో ఒకలా, మరో రంగులో మరోలా ఉన్నప్పుడే ప్రూఫ్‌కీ అచ్చుకీ చుట్టరికం తెగిపోతుంది. ఆ తెగినచోటును సిరా కీ ముట్టుకోలేదు.

గాల్వేలోని ఒక ప్రెస్సులో చూసిన పని ఇందుకు మంచి ఉదాహరణ. కొనెమారా ప్రాంతపు ఫొటోలతో కేలండర్. ఒక పేజీలో ట్వెల్వ్ బెన్స్ కొండల మీద కమ్ముకున్న బూడిదరంగు మబ్బు, కింద నీళ్లలో గాల్వే సంప్రదాయ పడవ, దాని ఇటుకరంగు తెరచాపలు. ప్రూఫ్‌లో మబ్బు ఏ రంగువైపూ మొగ్గని బూడిద. మెషిన్ మీద షీటు లాగి చూస్తే మబ్బుకి గులాబీ జీర. మెషిన్‌మన్ అలవాటు ప్రకారం ఆ వరస మెజెంటా కీలు తగ్గించాడు. మబ్బు కొంచెం దారికొచ్చింది, తెరచాప మట్టిరంగుకు తిరిగి చచ్చిపోయింది. తెరచాపను బతికించడానికి ఎల్లో పెంచాడు. కొండల పచ్చదనం ఎండుగడ్డిలా మారింది. దాన్ని ఆపడానికి సియాన్ పెంచాడు. మబ్బు ఇప్పుడు ఆకుపచ్చకి తిరిగింది. అప్పటికి వృథా షీట్ల దొంతర మోకాలెత్తు పెరిగింది. కస్టమర్ పక్కనే నిలబడి చేతిగడియారం చూసుకుంటున్నాడు.

మొదట లాగిన షీటు చివర ఉన్న కలర్ బార్‌ను కొలిస్తే అసలు సంగతి బయటపడింది. మెజెంటా ముద్ద, అంటే నూరు శాతం సిరా పడినచోట, డెన్సిటీ ఉండవలసినంతే ఉంది. పక్కనే 50 శాతం గడి మాత్రం 66 కి బదులు 71 చూపిస్తోంది. సియాన్, ఎల్లో సరిగానే ఉన్నాయి. ముద్ద సరిగా ఉండి మధ్యచుక్క మాత్రమే ఉబ్బిందంటే సిరాకి ఏ పాపమూ తెలియదు. లూప్ అనే భూతద్దం పెట్టి చూస్తే చుక్కలు గుండ్రంగానే ఉన్నాయి. పక్కకు సాగలేదు, నీడలా రెండో చుక్క పడలేదు. అంటే జారుడు లేదు, డబ్లింగ్ లేదు. మిగిలింది ఒత్తిడి. మెజెంటా యూనిట్లో బ్లాంకెట్ విప్పి కింద ప్యాకింగ్‌ను మైక్రోమీటర్‌తో కొలిస్తే ఒక షీటు ఎక్కువుంది. బ్లాంకెట్ మార్చినప్పుడు ఎవరో వేసి వదిలేశారు. దాన్ని తీసేసి, కీలన్నీ మొదటి స్థానానికి తెచ్చి నడిపితే మబ్బు బూడిదగా పడింది, తెరచాప ఇటుకరంగులో నిలిచింది. సిరా ఒక్క చుక్క కూడా మార్చలేదు.

గాల్వే స్టెంట్లు తయారుచేసే ఊరు. బోస్టన్ సైంటిఫిక్, మెడ్‌ట్రానిక్ లాంటి సంస్థలు గుండె రక్తనాళాల్లో అమర్చే పరికరాలను ఇక్కడే చేస్తాయి. మైక్రాన్ తేడా వస్తే ఆ వస్తువు గుమ్మం దాటదు. అదే ఊళ్లో, అదే ప్రపంచంలో, బ్లాంకెట్ నొక్కుడు మిల్లీమీటరులో పదో వంతు దగ్గర ఉండాల్సిన యంత్రాన్ని మనం కళ్లు చికిలించి, కీలు తిప్పి నడుపుతున్నాం. ఇది కళ కాదు, అలవాటు.

బూడిదరంగే ఎందుకు ముందు బయటపడుతుందో గమనించాలి. సియాన్ 50, మెజెంటా 40, ఎల్లో 40 శాతం కలిస్తే మంచి ఆర్ట్ పేపర్ మీద దాదాపు నిఖార్సైన బూడిద వస్తుంది. ఏ ఒక్కటి నాలుగైదు శాతం తప్పినా ఎరుపో, పచ్చో, నీలమో తొంగిచూస్తుంది. పట్టుచీర ముదురు ఎరుపులో అంత తేడా ఎవరూ పట్టుకోలేరు. మబ్బులో, తెల్లచొక్కా మడతలో, ముఖం మీద నీడలో ఎవరైనా పట్టుకుంటారు. అందుకే తెలిసినవాడు ముందు బొమ్మ వైపు చూడడు, కలర్ బార్‌లోని బూడిద గడి వైపు చూస్తాడు. అక్కడ సమతూకం తప్పితే బొమ్మలో సరిచేసేది ఏమీ ఉండదు.

మరి రంగు కలవనప్పుడు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? మెషిన్‌కి వీలైనంత దూరం నుంచి. ముందు వెలుతురు. డిసెంబరులో గాల్వేలో పగలు ఏడున్నర గంటలే, అదీ మబ్బు కింద. కస్టమర్ ఆ నీలిజీర వెలుతురులో కిటికీ దగ్గర ప్రూఫ్ చూసి ఒప్పుకుంటాడు. ప్రెస్సులో ట్యూబ్‌లైటు కింద అచ్చు చూసి గొడవ పడతాడు. విజయవాడలో నడివేసవి ఎండలో చూసినా అంతే. ఐఎస్ఓ 3664 ప్రమాణం చెప్పేది డి50 వెలుతురు, రంగు పోల్చే బల్ల మీద 2000 లక్స్. ఒక వెలుతురులో కలిసిన రెండు రంగులు మరో వెలుతురులో విడిపోవచ్చు. ప్రూఫ్‌దీ అచ్చుదీ వేర్వేరు సిరా కాబట్టి ఇది తప్పనిసరిగా ఎదురయ్యేదే. వెలుతురు తేలకుండా కీ మీద చెయ్యి వెయ్యడం దండగ.

తర్వాత ప్రూఫ్ దగ్గరికే వెళ్లాలి. అది ఏ ప్రమాణానికి తీసింది? ఫోగ్రా 39 కి తీసిన ప్రూఫ్‌ను పక్కన పెట్టుకుని ఫోగ్రా 51 కి చేసిన ప్లేట్లు నడిపితే రెండూ కలవవు, కలవకూడదు కూడా. ప్రూఫ్ కింద కొలతగడుల పట్టీ ఉందా? దాన్ని ఎవరైనా కొలిచారా, ఎప్పుడు కొలిచారు? కొలవని ప్రూఫ్ అందమైన బొమ్మే తప్ప ప్రమాణం కాదు.

ఆపైన కాగితం. ఇప్పటి ఆర్ట్ పేపర్లలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు అతినీలలోహిత కిరణాలకు నీలంగా మెరుస్తాయి. ప్రూఫ్ కాగితంలో అవి లేకపోతే దాని పక్కన అచ్చు చల్లగా, ప్రూఫ్ పసుపుగా కనిపిస్తుంది. ఆ తేడా సిరాది కాదు, తెల్లకాగితానిదే. ఫోగ్రా 51 లో కాగితపు రంగుకు, కొలిచే వెలుతురుకు అంత ప్రాధాన్యం ఇచ్చింది ఇందుకే. కాగితానికి వాతావరణమూ ఉంది. అట్లాంటిక్ గాలి తేమకు గాల్వేలో షీటు అంచులు తేమ పీల్చి అలలు తేలతాయి. మే నెల విజయవాడలో అంచులు తేమ కోల్పోయి బిగుసుకుంటాయి. రెండుచోట్లా రిజిస్టర్, అంటే రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడటం, కదులుతుంది, బొమ్మ మసకబారుతుంది. కట్టలు విప్పకుండా ప్రెస్సు గది ఉష్ణోగ్రతకు అలవాటు పడనివ్వడం, గది తేమను 50–55 శాతం దగ్గర పట్టి ఉంచడం కంప్యూటర్‌లో చేసే ఏ సవరణ కన్నా ముందు జరగాలి.

ఆ తర్వాత నీరు. ఆఫ్‌సెట్ నడిచేదే సిరాకీ నీటికీ పొసగదన్న సూత్రం మీద. నీరు తేడాగా ఉంటే సిరా తేడాగా పడుతుంది. గాల్వేలో కారిబ్ నదికి పడమర గ్రానైట్, తూర్పున సున్నపురాయి. సున్నపురాతి మీదుగా వచ్చిన కఠిన జలంలోని కాల్షియం రోలర్ల మీద మెరిసే పొరగా పేరుకుంటుంది. ఆ రోలర్ సిరాను సమంగా పట్టుకోదు. ఇది మనకు తెలియని సంగతా? పిడుగురాళ్లలో సున్నం బట్టీలు ఎందుకున్నాయో పల్నాడులో ఎవరినడిగినా చెబుతారు. అక్కడి బోరునీటిని శుద్ధి చెయ్యకుండా మెషిన్‌లో పోస్తే జరిగేదీ అదే. మెషిన్‌లో పోసే ఈ నీటి, అంటే ఫౌంటెన్ నీటి, పీహెచ్ 4.8 నుంచి 5.3 మధ్య ఉందా, కండక్టివిటీ నిన్నటికీ ఇవాళకీ మారిందా అన్నది చూడటానికి పట్టేది నిమిషం. ఆ నిమిషం మిగిల్చుకోవాలని రోజంతా పోగొట్టుకుంటాం.

ఇవన్నీ తేలాకే బ్లాంకెట్, రోలర్ల అమరిక; ఆ తర్వాత నాలుగు ముద్దల రంగు; దాని తర్వాత చుక్క పెరుగుదల; ఆపైన బూడిద సమతూకం. ఇంత చేసినా మెషిన్ స్థిరంగా ఒకే తేడా చూపిస్తుంటే అప్పుడు, అప్పుడు మాత్రమే, ప్లేటు తీసే సీటీపీ యంత్రంలో చుక్క పరిమాణాన్ని సవరించే కర్వ్ మార్చాలి. కదులుతున్న మెషిన్‌కి కర్వ్ కట్టడం శ్రుతి దిగిన తంబురాకు సరిపోయేలా పాట రాసుకోవడం లాంటిది. రేపు తంబురా మళ్లీ దిగుతుంది.

ఇప్పుడు అవతలివాళ్ల నాలుగు మాటలకు జవాబు చెప్పాలి.

చందమామ మాట నిజమే. 1947 జులైలో చక్రపాణి, నాగిరెడ్డి మొదలుపెట్టిన ఆ పత్రిక మద్రాసు వడపళనిలో అచ్చయ్యేది. వడ్డాది పాపయ్య ముఖచిత్రాల్లోని పసుపులు, నీలాలు ఇంటింటా గుర్తే. కానీ ఆ తరానికి ప్రూఫ్ అంటే ఏమిటో గుర్తు చేసుకోవాలి. అప్పటి మంచి ప్రెస్సుల్లో ప్రూఫ్‌ను ప్రూఫ్ ప్రెస్సు మీద, అసలు సిరాతో, చాలావరకు అసలు కాగితం మీదే లాగేవారు. పసుపు ఒక్కటీ, ఎరుపు ఒక్కటీ, రెండూ కలిపి, మూడూ కలిపి, వరసగా షీట్లు తీసి మెషిన్‌మన్ చేతికిచ్చేవారు. ఆ ప్రూఫ్ కూడా అచ్చే. దాన్ని కంటితో అందుకోవడం సాధ్యమైంది అందుకే. ఇవాళ్టి ప్రూఫ్ ఇంక్‌జెట్ ప్రింటర్‌లోంచి వస్తుంది. దాని సిరా వేరు, కాగితం వేరు, చుక్క వేరు. అచ్చు ఎలా పడుతుందో ముందుగా వేసిన అంచనా అది. అంచనా నిజం కావాలంటే మెషిన్ ఆ అంచనాలో చెప్పిన స్థితిలో ఉండాలి. పెద్దల కన్నును గౌరవించడమంటే వాళ్ల క్రమశిక్షణను నిలబెట్టడం. వాళ్ల పేరు చెప్పి కొలత మానెయ్యడం కాదు.

కన్ను గొప్పదే. రెండు షీట్లు పక్కపక్కన పెడితే అది పట్టే తేడాను చూసి పరికరాలు కూడా సిగ్గుపడాలి. కానీ కన్నుకి జ్ఞాపకం లేదు. పది నిమిషాలు గులాబీ జీర ఉన్న షీట్లు చూస్తే దానికి అలవాటు పడి, సరైన బూడిదను పచ్చగా చూస్తుంది. పైగా అందరి కన్నూ ఒకటి కాదు. ఉత్తర ఐరోపా మూలాల మగవాళ్లలో దాదాపు 8 శాతానికి ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగా తెలియదు. కొనెమారా కొండలనూ మబ్బులనూ చిత్రించి ఐర్లండ్ దృశ్యానికే రూపమిచ్చిన చిత్రకారుడు పాల్ హెన్రీకి ఆ లోపం ఉండేదని చెబుతారు. ఆయన చూసినది ఆయన గీశాడు, అది కళ. అచ్చు పని వేరు. అక్కడ ఒకరు చూసినది వెయ్యిమందికి అలాగే అందాలి. మెషిన్‌మన్‌ని ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు కంటిపరీక్ష చేయించే ప్రెస్సులు ఎన్ని? కన్నే కొలత అనేవాళ్లు ఆ కన్నునైనా ఒకసారి కొలిపించలేదంటే వాళ్ల నమ్మకానికి వాళ్లే విలువ ఇవ్వలేదన్నమాట.

ఇక సంతకం. కస్టమర్ సంతకం పెట్టింది నిగనిగలాడే ప్రూఫ్ కాగితం మీద. ఆర్డరిచ్చింది మ్యాప్‌లిథో మీద వెయ్యమని. ఆ కాగితం సిరాను లోపలికి పీల్చుకుంటుంది. దాని నలుపు ఆర్ట్ పేపర్ నలుపంత లోతుగా ఎప్పటికీ రాదు. ఇది ముందే చెప్పవలసింది ఆర్డరు తీసుకునే బల్ల దగ్గర. అక్కడ చెప్పడానికి మొహమాటపడి, ఆ మొహమాటం ఖరీదు మెషిన్‌మన్ నెత్తిన రుద్దడం అన్యాయం. సంతకం ఇరుపక్షాల ఒప్పందం. ఏ కాగితానికి, ఏ ప్రమాణానికి, ఎంత తేడా వరకు ఒప్పుకుంటున్నామో ప్రూఫ్ మీద రాయాలి. అది రాయని చోట సంతకం మెషిన్‌ని ఎలా కట్టిపడేస్తుంది?

పరికరం కొంటే సరిపోతుందనేవాళ్లు కూడా పాతవాళ్ల పొరపాటే చేస్తున్నారు, ఖరీదు మాత్రమే పెంచి. స్పెక్ట్రోఫోటోమీటర్ థర్మామీటర్ చేసే పనే చేస్తుంది: జ్వరం ఎంతో చెబుతుంది, ఎందుకో చెప్పదు. గట్టిపడిన రోలర్, అరిగిన బ్లాంకెట్, నిన్నటి ఫౌంటెన్ నీరు పెట్టుకుని ఆ రోజు కొలిచి ప్రొఫైల్ తయారు చేసుకుంటే, ఆ జబ్బునే ఫైలులో దాచుకున్నట్టు. తర్వాత రోలర్ మార్చిన రోజున అన్ని పనులూ తప్పుతాయి. అప్పుడు ‘ఈ కలర్ మేనేజ్‌మెంట్ అంతా మోసం’ అంటారు. పైగా తడి సిరా డెన్సిటీ ఆరాక తగ్గుతుంది. పోలరైజింగ్ ఫిల్టర్ ఉన్నదీ లేనిదీ చూసుకోకుండా తీసుకున్న అంకెను నమ్మితే మొదటికే మోసం. కొలత అక్కరకొచ్చేది దాన్ని ఏ వరసలో అడగాలో తెలిసినవాడికే.

చివరి మాట ఖర్చు. దీనికి నా జవాబు సూటిగా ఉంటుంది. ఒక లూప్, పీహెచ్ పట్టీలు, గోడకి తేమమాపకం, ప్రతి షీటు చివరా కలర్ బార్, బ్లాంకెట్ మార్చిన తేదీ రాసుకునే నోట్‌బుక్. ఈ ఐదింటికీ అయ్యేది చిన్న ప్రెస్సుకి ఒక పాడైన పనిలో పోయే కాగితం ఖరీదు కూడా కాదు. కలర్ బార్‌కి కాగితంలో చోటు లేదనేవాళ్లున్నారు. ఆ అరసెంటీమీటరు మిగుల్చుకుని పెద్ద దొంతరలు పారబోస్తున్నారు. పేదవాడికే క్రమం ఎక్కువ అవసరం. తప్పు చేసి తట్టుకునే తాహతు అతనికి లేదు.

కీలు తిప్పడం తప్పని నేననడం లేదు. ముద్ద రంగును లక్ష్యానికి తేవడానికి, షీటు ఈ కొస నుంచి ఆ కొసకు సిరా సమంగా పడేట్టు చూడటానికి అవి ఉన్నాయి. అన్నీ తేలాక, బొమ్మ కోరితే, చివరి వెంట్రుకవాసి సవరణ మెషిన్‌మన్ కన్ను చెయ్యాలి. అది అతని గౌరవం. కానీ వెలుతురు చేసిన తప్పు, నీరు చేసిన తప్పు, ఆర్డరు బల్ల చేసిన తప్పు, కొలవని ప్రూఫ్ చేసిన తప్పు అన్నీ అతని వేలి కొసకు అప్పగించి, కుదరనప్పుడు అతన్నే దోషిని చెయ్యడం ఈ వృత్తిలో మనం తరతరాలుగా చేస్తున్న అన్యాయం.

అందుకే కోరేది ఇది. ప్రూఫ్ కలవనప్పుడు ప్రెస్సు యజమాని మెషిన్‌మన్‌ని అడిగే మొదటి ప్రశ్న మారాలి. ‘కీ ఎంత తిప్పావు?’ అని కాదు, ‘ముద్ద ఎంతుంది, మధ్యచుక్క ఎంతుంది?’ అని అడగాలి. ముద్ద తప్పితే సిరా వైపు, ముద్ద సరిగా ఉండి చుక్క తప్పితే ఒత్తిడి, నీరు, రోలర్ల వైపు, రెండూ సరిగా ఉండి కూడా కలవకపోతే మళ్లీ ప్రూఫ్, కాగితం, వెలుతురు వైపు వెళ్లాలి. ఈ ఒక్క ప్రశ్న అలవాటైన ప్రెస్సులో మెషిన్‌మన్ భయపడుతూ కీలు తిప్పడు, కారణం వెతుకుతాడు. కారణం దొరికిన తప్పు మరుసటి పనిలో మళ్లీ రాదు. కీతో కప్పిపుచ్చిన తప్పు ప్రతి పనిలోనూ వస్తుంది.